పండేదాకా ఆగే హక్కు

కిరాణా కొట్లో జీడిపప్పు, బాదం డబ్బాల పక్కన సారపప్పు డబ్బా కూడా ఉంటుంది. కందిగింజంత సైజులో, గోధుమరంగు మచ్చలతో, కాస్త నొక్కినట్టు గుండ్రంగా ఉండే ఈ పప్పును రంజాన్‌కు షీర్ ఖుర్మాలో వేస్తారు. గసగసాలు, కొబ్బరితో కలిపి నూరి హైదరాబాదీ దమ్ కా ముర్గ్‌లో, కుర్మాల్లో చిక్కదనం కోసం వాడతారు. పాయసాల్లో, హల్వాల్లో, బర్ఫీల మీద నేతిలో వేయించి చల్లుతారు. నగరాల్లో దీని ధర కిలో వెయ్యి రూపాయలు దాటింది. ఇంత ధర పలికే ఈ సరుకులో అత్యధిక భాగం ఏ తోటలోనూ కాసింది కాదు. తూర్పు కనుమల్లో, మధ్యభారతపు కొండల్లో ఎవరూ నాటకుండా మొలిచిన చెట్ల నుంచి ఆదివాసీ కుటుంబాలు ఏరి తెచ్చినదే. ఆ చెట్టు ఇప్పుడు కష్టంలో ఉంది. దాన్ని నరికేస్తున్నారన్నది ఆ కష్టంలో ఒక భాగం మాత్రమే. అంతకన్నా పెద్ద భాగం, దాని కాయను పండనివ్వకపోవడం. పండేదాకా ఆగినవాళ్ళకే పండు దక్కుతుందన్న భరోసా అడవిలో లేకపోవడం వల్లే ఇది జరుగుతోందని, ఆ భరోసా కల్పించకుండా చేసే ఏ ప్రయత్నమైనా సగంలోనే ఆగిపోతుందని నా వాదన.

తెలంగాణ పల్లెల్లో మొర్రి అని పిలిచే ఈ సారచెట్టు మామిడి కుటుంబానిది. జీడిమామిడి, పిస్తా కూడా ఆ కుటుంబంలోవే. పది పదిహేను మీటర్ల ఎత్తు పెరుగుతుంది. ముదురు బూడిదరంగు బెరడు మొసలి వీపులా పలకలు పలకలుగా చీలి ఉంటుంది కాబట్టి ఆకులు రాలిన కాలంలో కూడా దీన్ని గుర్తుపట్టడం తేలికే. ఆకులు దళసరిగా, జానెడు పొడవున, కొనలు మొద్దుగా ఉంటాయి. టేకు, ఇప్ప, తునికి, నల్లమద్ది కలగలిసి పెరిగే ఎండు అడవుల్లో, ఇంకో పంట నిలవని రాతి నేలల్లో, కొండవాలుల్లో, సుమారు 1200 మీటర్ల ఎత్తు దాకా కనిపిస్తుంది. నల్లమలలో, పాపికొండల చుట్టూ, చింతపల్లి, పాడేరు కొండల్లో, ఆదిలాబాద్ అడవుల్లో ఉంది. ఇంకా ఉత్తరానికి బస్తర్, జశ్‌పూర్, ఛింద్వాడా దాకా పరుచుకుని ఉంది. శాస్త్రీయ నామం బుకనానియా లాంజాన్. 1795లో బర్మా రాజు కొలువుకు వెళ్ళిన ఇంగ్లీషు రాయబారంతో పాటు వైద్యుడిగా వెళ్ళిన ఫ్రాన్సిస్ బుకానన్ పేరు మీద వచ్చిందది. కలకత్తా వెళ్ళకముందు మన సామర్లకోటలో మొక్కల మీద ఏళ్ళ తరబడి పనిచేసిన రాక్స్‌బర్గ్ దీన్ని బుకనానియా లాటిఫోలియా అన్నాడు. పాత వృక్షశాస్త్ర గ్రంథాల్లో ఎక్కువగా ఆ పేరుతోనే దొరుకుతుంది. అయితే వాళ్ళిద్దరికీ చాలా ముందే ఈ దేశం దీన్ని ఎరుగును. వాల్మీకి చిత్రకూట పర్వతాన్ని వర్ణిస్తూ మామిడి, నేరేడు, పనసల సరసన లెక్కపెట్టిన ప్రియాళం ఇదే. ఆయుర్వేదంలోనూ ఆ పేరే.

జనవరి నుంచి మార్చి దాకా కొమ్మల కొసల్లో తెల్లని చిన్న పూలు గుత్తులుగా విచ్చుకుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో కాయలు పండుతాయి. సెంటీమీటరుకు అటూఇటూగా ఉండే ఈ కాయ మొదట పచ్చగా ఉండి, ఊదారంగుకు తిరిగి, చివరికి నల్లబడుతుంది. నల్లబడ్డ పండు నోట్లో వేసుకుంటే పలుచని గుజ్జు, పులుపు తగిలిన తీపి, వెంటనే పంటికి తగిలే గట్టి గింజ. గుజ్జు కొంచెమే. కానీ ఎండాకాలం మధ్యలో, ఇంట్లో ధాన్యం నిండుకుని, తొలకరికి ఇంకా వారాలున్న రోజుల్లో అడవిలో దొరికే పండ్లకు ఉండే విలువ గుజ్జు మందంతో కొలిచేది కాదు. తునికి, పాల, పరికి, మొర్రి పండ్లు ఒకదాని తర్వాత ఒకటి వచ్చి ఆ ఖాళీని కొంత పూడుస్తాయి. నల్లమల చెంచుల జీవనంలో అడవి ఇచ్చే తిండికి ఉన్న చోటు గురించి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1943లో వెలువరించిన ‘ది చెంచూస్’ గ్రంథంలో వివరంగా రాశాడు. ఇక గింజలోని పప్పు సంగతి చూస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చాలా ఏళ్ళు ప్రామాణికంగా ఇచ్చిన పట్టికల ప్రకారం 100 గ్రాముల సారపప్పులో సుమారు 59 గ్రాముల కొవ్వు, 19 గ్రాముల ప్రోటీన్, 656 కిలోక్యాలరీల శక్తి ఉన్నాయి. అవే పట్టికల్లో బాదం అంకెలు చూస్తే దాదాపు ఇంతే. ఆ కొవ్వులో సగానికి పైగా ఓలిక్ ఆమ్లం. బాదం నూనె వాడేచోట సారనూనె వాడటం ఊరికే పుట్టిన అలవాటు కాదు.

పండు నుంచి పప్పు దాకా ఎంత పని ఉందో చూస్తే ఈ సరుకు ధరలో చెమట పాలెంతో తెలుస్తుంది. కోసి తెచ్చిన పండ్లను రాత్రంతా నీళ్ళలో నానబెడతారు. తెల్లారి గోనెపట్టా మీద పోసి, అరచేతులతో అదిమి రుద్దుతారు. తొక్క, గుజ్జు విడిపోయి నీళ్ళు నల్లగా మారతాయి. ఆ నీళ్ళు వంచి, మళ్ళీ కడిగి, గింజను ఎండలో రెండు మూడు రోజులు ఆరబెడతారు. తర్వాత తిరగలి. పై రాయికి, కింది రాయికి మధ్య సందు సరిగ్గా కుదరాలి. తక్కువైతే పప్పు పిండవుతుంది, ఎక్కువైతే గింజ పగలకుండానే జారిపోతుంది. పెంకు పగిలి పప్పు నలగని ఆ సందు, తిరగలి పట్టిన ఆడవాళ్ళ చేతికే తెలుస్తుంది. ఆపైన చేటతో చెరిగి, పెంకు, నలుసు ఏరాలి. సుమారు నాలుగైదు కిలోల గింజ ఆడితే కిలో పప్పు వస్తుంది. ఇప్పుడు పెంకు తీసే యంత్రాలు వచ్చాయి గానీ, చాలా ఊళ్ళలో గింజను గింజగానే సంతకు తీసుకెళ్తారు. దానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇంత కొవ్వున్న పప్పు పెంకు తీశాక త్వరగా కారువాసన పడుతుంది, పెంకులో ఉన్నంతకాలం నిలవుంటుంది. అంటే నిలవ పెట్టుకునే సదుపాయం, ధర కోసం ఆగే స్తోమత ఉన్నవాళ్ళకే పప్పు మీద వచ్చే లాభం. ఏరినవాళ్ళకు గింజ ధరే మిగులుతుంది.

అసలు సమస్య గింజ లోపల ఉంది. ఇదే కుటుంబంలోని పిస్తాలో కాయ ఎదుగుదల వరసగా, మెట్టు మెట్టుగా జరుగుతుంది. మొదట కాయ సైజు పెరుగుతుంది. తర్వాత టెంక గట్టిపడుతుంది. చివరి వారాల్లో టెంక లోపలి పప్పు నిండుతుంది. చెట్టు నూనెను, ప్రోటీనును అందులోకి చేర్చేది అప్పుడే. సారకాయ కూడా ఈ కుటుంబపు పద్ధతే పాటిస్తుంది. అందుకే కాయను పచ్చిగా కోస్తే చూడటానికి సైజంతా వచ్చినట్టే ఉంటుంది, టెంకా గట్టిగానే తగులుతుంది, పగలగొడితే మాత్రం లోపల సన్నగా ముడుచుకున్న పప్పు. నూనె తక్కువ, బరువు తక్కువ, మొలకెత్తే శక్తి దాదాపు లేదు. రెండు మూడు వారాల తొందర వల్ల పోయేవి ఇన్ని. తినే గుజ్జు పోయింది, అమ్మే బరువు పోయింది, రేపటి మొక్క పోయింది. ఈ చెట్టు విషయంలో నన్ను బాగా ఆకట్టుకునేది దీని మరో వైపు. పండిన సారపండు ఒకరి నోటికాడ కూడు ఇంకొకరి సంచిలోకి పోయే రకం కాదు. పిల్లవాడు గుజ్జు తిని గింజ ఉమ్మితే ఆ గింజ పప్పుకు పనికొస్తుంది. ఎలుగుబంటి మింగిన పండ్ల గింజలు దాని పెంటలో కిలోమీటర్ల అవతల పడతాయి. వాటిలో కొన్ని వానలకు మొలుస్తాయి. తిండికి, వ్యాపారానికి, అడవికి ఒకే పండు సరిపోతుంది, పండితే చాలు.

అయినా పచ్చిగా ఎందుకు కోస్తారు? తెలియక అనేది నగరాల్లో తరచుగా వినిపించే సమాధానం. అది అన్యాయమైన మాట. ఏ కాయ ఎప్పుడు పండుతుందో అడవిలో పుట్టి పెరిగినవాళ్ళకు ఒకరు చెప్పాలా? విశాఖ మన్యంలో మామిడి కొత్త పండుగ జరిపేదాకా ఆ ఏటి మామిడికాయ ముట్టుకోని ఊళ్ళున్నాయి. చిక్కుడుకు, కొర్రకు కూడా కొత్తలు ఉన్నాయి. కాయ పక్వానికి రాకముందు ఎవరూ చేయి వేయకూడదన్న నియమాన్ని దేవత పేరు మీద, ఊరంతటి మీద ఒకేసారి అమలు చేసే పద్ధతి అది. మామిడి దగ్గర ఆగగలిగినవాళ్ళు సార దగ్గర ఎందుకు ఆగలేకపోతున్నారంటే, తేడా తెలివిలో లేదు, లెక్కలో ఉంది. ఊరి మామిడిచెట్టుకు యజమాని ఉంటాడు, లేదా ఊరు ఉంటుంది. అడవిలోని సారచెట్టుకు ఎవరూ లేరు. కాగితం మీద అది అటవీశాఖది. నేల మీద ముందు చేరినవాళ్ళది. ఏప్రిల్ మొదటి వారంలో నేను కోయకుండా వదిలితే రెండో వారంలో పక్క ఊరివాళ్ళు కోస్తారు. పచ్చిగింజకు తక్కువ ధర వస్తుందని తెలుసు, కానీ తక్కువ ధర సున్నా కన్నా ఎక్కువే. పైగా అవి చేతిలో డబ్బు ఆడని నెలలు. సంతలో షావుకారు దగ్గర ముందే తెచ్చుకున్న అప్పు ఉంటే గింజ ఎప్పుడివ్వాలో నిర్ణయించేది అతనే. ఇలాంటి పరిస్థితిలో పచ్చిగా కోసిన మనిషి తప్పుడు నిర్ణయం తీసుకోలేదు. పండ్లు చేతికందని ఎత్తులో ఉంటే కొమ్మలే నరికి దింపుకోవడం కూడా ఈ తొందరకు కొనసాగింపే. వచ్చే ఏడు ఆ కొమ్మ పండు తనకే దక్కుతుందన్న నమ్మకం ఉన్న మనిషి కొమ్మ నరకడు.

కోతనే మొత్తం దోషిగా నిలబెట్టడం సరికాదని అభ్యంతరం చెప్పవచ్చు. ఆ అభ్యంతరంలో బలముంది. కర్ణాటకలోని బిళిగిరి రంగన కొండల్లో సోలిగ ఆదివాసులు ఏరే అడవి ఉసిరి మీద శాస్త్రజ్ఞులు చాలా ఏళ్ళు పరిశోధించారు. చెట్ల సంఖ్య తగ్గడానికి కాయలు కోయడం కన్నా, కొమ్మల మీద పెరిగే బదనిక, నేలనంతా కమ్మేసే లాంటానా ఎక్కువ కారణమని వాళ్ళ పరిశీలనల్లో బయటపడింది. కోత ఆపించినంత మాత్రాన అడవి కోలుకుంటుందన్న నమ్మకాన్ని అది సడలించింది. సార విషయంలో కూడా ఇప్పపూలు ఏరడానికి నేల శుభ్రమవుతుందని పెట్టే మంటలు, మేసే పశువులు లేత మొక్కల్ని తినేస్తున్నాయి. పైగా ఈ చెట్టుకు వేళ్ళ నుంచి పిలకలు వస్తాయి కాబట్టి, విత్తనం లేకపోయినా వెంటనే మాయమైపోదు. ఇవన్నీ నిజమే. కానీ పిలక తల్లిచెట్టుకు నకలు మాత్రమే. తల్లికి ఉన్న బలహీనతలన్నీ దానికీ ఉంటాయి, తల్లి పక్కనే పెరుగుతుంది. కొత్త చోటికి, కొత్త లక్షణాలతో చెట్టు వెళ్ళాలంటే విత్తనమే కావాలి. సార విత్తనం అసలే పెళుసు వ్యవహారం. పెంకు గట్టిది, లోపలి పప్పు ఎక్కువకాలం బతికి ఉండదు. నర్సరీల్లో పెంకును జాగ్రత్తగా చిట్లిస్తే గాని సరిగా మొలవదు. పండిన గింజే ఇంత కష్టంగా మొలిచే జాతిలో పచ్చిగింజలు ఏరుకుపోవడం ఉసిరి విషయంలో కన్నా చాలా ఎక్కువ నష్టం చేస్తుంది. ఉసిరి నుంచి మనం నేర్చుకోవలసింది, మంట, లాంటానా, బదనిక వంటివాటిని రోజూ చూసి సరిచేసే మనుషులు అడవిలో ఉండాలన్నది. అడవి తమదనుకునేవాళ్ళు తప్ప ఆ పని ఇంకెవరు చేస్తారు?

తోటలు పెంచితే సరిపోదా అన్నది ఇంకో ప్రశ్న. గుజరాత్‌లో గోధ్రా దగ్గరి వేజల్‌పూర్ కేంద్ర ఉద్యాన ప్రయోగ కేంద్రం అడవి చెట్లలోంచి మంచివాటిని ఏరి ‘థార్ ప్రియ’ అనే రకాన్ని విడుదల చేసింది. విత్తనం నుంచి పెంచిన చెట్టు కాపుకు రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది, అంటుకట్టిన మొక్క అంతకన్నా త్వరగా కాస్తుంది. రాతి నేలల్లో, వానాధార మెట్టల్లో ఇంకే తోటా నిలవని చోట సార నిలుస్తుంది. రాయలసీమ, తెలంగాణ మెట్ట రైతులు దీన్ని గట్ల మీదైనా నాటుకోవడం నాకు ఎంతో ఇష్టమైన ఆలోచన. కానీ తోట అడవికి బదులు కాలేదు. తోటలో అంటుమొక్కలన్నీ ఏవో కొన్ని తల్లుల నకళ్ళు. రేపు కొత్త తెగులు వస్తే, కొత్త రకం కావాలంటే, మళ్ళీ అడవిలోని వేలాది వేర్వేరు చెట్ల దగ్గరికే వెళ్ళాలి. థార్ ప్రియ కూడా అలా వచ్చిందే. ఇంకొకటి, తోటలో పండిన పప్పు డబ్బు భూమి ఉన్నవాళ్ళకు చేరుతుంది. తోటలు పెరిగి ధర పడిపోతే నష్టపోయేది, ఇప్పటిదాకా ఈ చెట్టును ఎరిగి, పండు తిని, పప్పు తీసిన కొండవాళ్ళు.

ధర పెంచితే అన్నీ సర్దుకుంటాయనే వాదన మీద ప్రభుత్వాలకు మక్కువ ఎక్కువ. కేంద్రం 2013-14లో చిన్నతరహా అటవీ ఫలసాయానికి మద్దతు ధర పథకం మొదలుపెట్టింది. 2020 మేలో సవరించినప్పుడు సారగింజ ధరను కిలో 109 రూపాయల నుంచి 126కు పెంచింది. దళారుల చేతిలో మోసపోయే మనిషికి ఈ ధర ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. 1956లో విశాఖపట్నం కేంద్రంగా మొదలైన గిరిజన సహకార సంస్థ పుట్టింది కూడా ఆ మోసాన్ని ఆపడానికే. ఒకప్పుడు బస్తర్‌లో సారపప్పుకు సరితూకంగా ఉప్పు ఇచ్చి తీసుకెళ్ళేవారని చెబుతారు. ఆ రోజులతో పోలిస్తే చాలా దూరం వచ్చాం. కానీ యజమాని లేని చెట్టు పండుకు ధర మాత్రమే పెంచితే, ముందు చేరాలన్న పరుగు ఇంకా పెరుగుతుంది. పచ్చిగింజకూ పండుగింజకూ ఒకే ధర ఇస్తే, ఆగినవాళ్ళను శిక్షించినట్టే. కొనుగోలు కేంద్రంలో ఒక బకెట్ నీళ్ళు చాలు. లోపల నిండిన గింజ మునుగుతుంది, ఖాళీ గింజ తేలుతుంది. మునిగిన గింజకు ఒక ధర, తేలినదానికి బాగా తక్కువ ధర అని ఊరందరి ముందు తేల్చి కొంటే, పక్వానికి విలువ ఉందన్న సంగతి వేరే ప్రచారం లేకుండానే ఊరూరా తెలుస్తుంది. అటవీశాఖ ఫలానా తేదీకి ముందు కోయకూడదని ఆంక్ష పెట్టడం ఇంకో దారి. వేల చదరపు కిలోమీటర్ల అడవిలో చెట్టుకొక కాపలాదారుడు ఉండడు కాబట్టి, ఆ ఆంక్షను పాటించే నిజాయితీపరుడే నష్టపోతాడు.

అందుకే హక్కు దగ్గరికి రావాలి. షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీరాజ్‌ను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యాన్ని గ్రామసభకు ఇచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం దాన్ని స్పష్టంగా రాసి, తాము తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చిన అడవిని సమాజంగా కాపాడే, పెంచే, నిర్వహించే హక్కును కూడా చేర్చింది. మన రెండు రాష్ట్రాల్లో ఈ చట్టం మీద జరిగిన చర్చంతా దాదాపుగా పోడు పట్టాల చుట్టే తిరిగింది. సామూహిక హక్కు వెనకబడిపోయింది. అది అమలైతే ఏమవుతుందో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా పాచ్‌గావ్ చూపించింది. 2012లో సామూహిక అటవీ హక్కు పొందిన ఈ చిన్న ఊరు, తునికాకు సేకరణను తనంతట తానే మానుకుంది. లేత ఆకు కోసం తునికి పొదలు నరకాలి, అడవికి నిప్పు పెట్టాలి. వాటివల్ల చెట్టు ఎదగదు, పండు కాయదు. ఆకు వదిలేసి పండును ఉంచుకోవాలని ఊరు నిర్ణయించింది. ఏ అధికారీ ఆదేశించకుండా, చేతికొచ్చే డబ్బును ఒక ఊరు ఎందుకు వదులుకోగలిగింది? రేపటి పండు తమదేనన్న నమ్మకం ఒక కారణం. వెదురు అమ్మకం వల్ల చేతిలో వేరే ఆదాయం ఉండటం రెండో కారణం. రెండోదాన్ని మరిచిపోయి మొదటిదాన్ని మాత్రమే పొగడటం తేలిక. ఏప్రిల్‌లో ఇంట్లో గింజలు లేని మనిషికి హక్కుపత్రం ఒక్కటే ఇస్తే, అతను తన సొంత చెట్టు కాయనే పచ్చిగా కోసుకోవలసి వస్తుంది.

ఉమ్మడి ఆస్తి ఎప్పటికైనా కుప్పకూలక తప్పదని వాదించేవాళ్ళు ఇక్కడ ఒకటి గమనించాలి. హద్దులు లేని అడవి వేరు, హద్దులు తెలిసి, నియమాలు పెట్టుకుని, తప్పిన మనిషిని ఊరే నిలదీసే ఉమ్మడి అడవి వేరు. మామిడి కొత్త వంటి నియమాలు నిలబడింది రెండో రకం చోటే. సారకు కూడా అలాంటి నియమాన్ని ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. ఏ వాగు నుంచి ఏ గుట్ట దాకా చెట్లు ఏ ఊరివో పక్క ఊళ్ళు కలిసి కూర్చుని తేల్చుకోవాలి. కాయలు నల్లబడటం మొదలయ్యాక గ్రామసభ కోత తేదీ చాటించాలి. సహకార సంస్థ ఆ తేదీకి ముందు కేంద్రం తెరవకూడదు, తెరిచాక బకెట్ పరీక్ష చేయాలి. మార్చి, ఏప్రిల్ నెలలకు గింజ మీద వడ్డీ లేని బయానా ఇవ్వాలి, షావుకారు ఇచ్చేచోటే. తిరగలికి బదులు పెంకు తీసే యంత్రం ఊళ్ళోనే ఉంటే, గింజ ధరకూ పప్పు ధరకూ మధ్య ఉన్న లాభంలో కొంతైనా కొండ మీదే మిగులుతుంది. ప్రతి చెట్టుకూ అందని పైకొమ్మల పండ్లను కోయకుండా వదిలెయ్యాలి. అవి పక్షులకు, ఎలుగులకు, వాటి వెంట మొలిచే మొక్కలకు. నిప్పు పెట్టని చోట ఆ మొక్కలు తొలి రెండు మూడు ఎండాకాలాలు దాటితే, ఆ తర్వాత రాతినేలే వాటిని చూసుకుంటుంది.